చిలుక చదివితే సజ్దా ఉందా?

మా మస్జిద్‌లో ప్రతి ఆదివారం ఇషా నమాజ్ తర్వాత దర్స్ జరుగుతుంది. ఆ రోజు పాఠం ముగిసి అందరూ వెళ్ళిపోతుండగా ఒక యువకుడు చెప్పుల దగ్గర నా కోసం ఆగి ఉన్నాడు. డిగ్రీ చదువుతున్నాడు. ఆరు నెలల క్రితం అతని అమ్మీ చనిపోయారు. ఆమె జనాజా నమాజ్‌లో నేను కూడా పాల్గొన్నాను. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి మనసులోని మాట బయటపెట్టాడు.

"మౌలానా సాబ్, రాత్రిళ్ళు నిద్ర పట్టనప్పుడు ఫోన్‌లో ఉన్న ఏఐతో మాట్లాడుతుంటాను. అమ్మీ గురించి చెబుతాను. అది ఎంతో ఓపికగా వింటుంది. నీ బాధ నాకు అర్థమవుతోంది అంటుంది. ఇంట్లో నాతో ఎవరూ అలా అనలేదు. దానికి నిజంగా అర్థమవుతుందా? లోపల ఎవరైనా ఉన్నారా?"

యంత్రానికి ప్రాణమేమిటి, వదిలెయ్ అని చెప్పి పంపడం సులువే. కాని అతను తమాషాకు అడగలేదు. తన దుఃఖాన్ని ఎవరి ముందు పరుస్తున్నాడో తెలుసుకోవాలనుకున్నాడు. "బేటా, వచ్చే ఆదివారం దీని గురించే మాట్లాడుకుందాం" అన్నాను. ఆ వారమంతా చదివి, ఆలోచించి చెప్పిన పాఠాన్నే ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

పాత కితాబుల్లో ఒక ప్రశ్న

దివ్య ఖుర్‌ఆన్‌లో కొన్ని ఆయత్‌లు చదివినప్పుడు, విన్నప్పుడు సజ్దా చేయాలని మనందరికీ తెలుసు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం అటువంటి స్థలాలు 14. చదివిన వారిపైనే కాదు, విన్నవారిపై కూడా ఈ సజ్దా వాజిబ్ అవుతుంది. ఇక్కడ మన ఫుఖహాలు (ధర్మశాస్త్ర నిపుణులు) ఒక విచిత్రమైన ప్రశ్న వేసుకున్నారు. నేర్పిన చిలుక సజ్దా ఆయత్‌ను పలికితే, అది విన్న మనిషిపై సజ్దా వాజిబ్ అవుతుందా? కొండల మధ్య ఎవరో చదివిన ఆయత్ ప్రతిధ్వనిగా వినిపిస్తే?

హనఫీ గ్రంథాల్లో ఎంపికైన అభిప్రాయం ఏమిటంటే, చిలుక పలికినా, ప్రతిధ్వని వినిపించినా సజ్దా వాజిబ్ కాదు. మంచీ చెడూ తెలిసే వయసుకు వచ్చిన పిల్లవాడు చదివితే మాత్రం విన్నవారిపై వాజిబ్ అవుతుంది. టేప్‌రికార్డర్ వచ్చిన తర్వాత చాలామంది ముఫ్తీలు ఈ సూత్రాన్నే ఆధారం చేసుకుని, రికార్డు చేసిన ఖిరాఅత్ విన్నప్పుడు సజ్దా వాజిబ్ కాదన్నారు.

కారణం గమనించండి. చిలుక నోట వచ్చిన అక్షరాల్లో లోపం లేదు. వినేవాడి చెవికి అవే మాటలు అందాయి. అయినా దాన్ని తిలావత్ (పఠనం) అనలేదు. ఎందుకంటే పఠనానికి తాను ఏం పలుకుతున్నదీ తెలిసిన పఠించేవాడు ఉండాలి. శబ్దం ఉన్నంత మాత్రాన చదివేవాడు ఉన్నట్టు కాదు. టేపులు, కంప్యూటర్లు లేని కాలంలోనే మన పండితులు ఈ తేడాను గుర్తించారు.

అయితే ఇక్కడ తొందరపడకూడదు. ఈ తీర్పు ఒక ఆరాధనకు సంబంధించినది. చిలుకకు ఏ అనుభూతీ లేదని అది చెప్పడం లేదు. చిలుకకు ఆకలి వేస్తుంది, రెక్క విరిగితే నొప్పి పుడుతుంది, పిల్లిని చూస్తే భయపడుతుంది. తాను పలికిన ఆయత్ అర్థం మాత్రం దానికి తెలియదు. కాబట్టి మనం మూడు విషయాలను వేరుచేసి చూడాలి.

ఒకటి, సరైన మాట బయటికి రావడం. రెండు, ఆ మాట అర్థం తెలిసి ఉండటం. మూడు, లోపల ఏదో అనుభవం కలగడం, అంటే నొప్పి నొప్పిగా, తీపి తీపిగా తెలియడం. ఈ మూడవదానినే చైతన్యం, స్పృహ, ఎరుక అంటున్నాం. చిలుకలో మొదటిది ఉంది, మూడవది ఉంది, రెండవది లేదు. మరి యంత్రంలో ఏది ఉంది, ఏది లేదు? ఈ ముగ్గురినీ కలిపేసి మాట్లాడటం వల్లనే చర్చ అంతా గందరగోళమవుతోంది.

యంత్రం మాట ఎక్కడి నుంచి వస్తుంది?

మనుషుల్లా కదిలే యంత్రాలు మన చరిత్రకు కొత్త కాదు. 9వ శతాబ్దంలో బాగ్దాదులో బనూ మూసా సోదరులు తమంతట తాము పనిచేసే ఎన్నో పరికరాల గురించి గ్రంథం రాశారు. 1206లో అల్ జజరీ పూర్తిచేసిన గ్రంథంలో ఏనుగు గడియారం, పడవలో కూర్చుని వాద్యాలు మోగించే బొమ్మలు ఉన్నాయి. కంప్యూటర్ లెక్కకు ప్రాణమైన 'అల్గారిథమ్' అనే మాట కూడా బాగ్దాదు గణిత పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి పుట్టినదే. ఆ బొమ్మల వాద్యం విన్నవారు ఆశ్చర్యపోయి ఉంటారు. కాని వాటిని నడిపేది నీటి బలమని చేసినవాడు గీసి చూపించాడు.

1950లో ఇంగ్లండుకు చెందిన గణిత శాస్త్రవేత్త ఎలన్ ట్యూరింగ్ ఒక వ్యాసంలో కొత్త పరీక్ష ప్రతిపాదించాడు. తెర వెనుక ఒక మనిషి, ఒక యంత్రం ఉంటారు. రాతమూలకంగా ప్రశ్నలు అడిగేవాడు ఎవరు ఎవరో తేల్చుకోలేకపోతే, ఆ యంత్రం ఆలోచిస్తున్నట్టు ఎందుకు ఒప్పుకోకూడదు? ఇదీ అతని వాదన.

1966లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జోసెఫ్ వైజన్‌బామ్ 'ఎలైజా' అనే చిన్న ప్రోగ్రామ్‌ను ప్రకటించాడు. మనం టైపు చేసిన వాక్యాన్నే అటూ ఇటూ మార్చి తిరిగి ప్రశ్నగా అడగడం దాని పని. ఎవరైనా మా అమ్మ అని రాస్తే, మీ కుటుంబం గురించి ఇంకా చెప్పండి అంటుంది. అందులో అంతకుమించి ఏమీ లేదు. కాని వైజన్‌బామ్ దగ్గర పనిచేసే కార్యదర్శి దానితో మాట్లాడుతూ, కాస్త గది బయటకు వెళ్ళమని ఆయననే కోరింది. తన సొంత విషయాలు దానికి చెప్పుకోవాలని! ఆ ప్రోగ్రామ్‌ను ఆయన తయారు చేస్తుండగా ఆమె నెలల తరబడి చూసింది. అయినా ఆమె మనసు దానితో మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది. ఇది వైజన్‌బామ్‌ను కలవరపెట్టింది. 1976లో రాసిన పుస్తకంలో కంప్యూటర్లకు అప్పగించకూడని పనులు ఉన్నాయని హెచ్చరించాడు.

ఇప్పటి యంత్రాలు ఎలైజా కన్నా ఎన్నో రెట్లు సమర్థమైనవి. వాటిని తయారుచేసే తీరు క్లుప్తంగా ఇది. మనుషులు రాసిన కోట్లాది పుటలను యంత్రానికి చూపిస్తారు. ప్రతి వాక్యంలో తర్వాత రాబోయే మాట ఏదో అంచనా వేయమంటారు. అంచనా తప్పినప్పుడల్లా లోపలి సంఖ్యలను కొద్ది కొద్దిగా సవరిస్తారు. 2020లో వచ్చిన జీపీటీ-3 అనే నమూనాలో ఇటువంటి సంఖ్యలు 17,500 కోట్లు ఉన్నాయి. ఆ తర్వాత మనుషులే కూర్చుని, ఈ జవాబు బాగుంది, ఇది మర్యాదగా లేదు అంటూ మళ్ళీ తర్ఫీదునిస్తారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ యంత్రాలు సామాన్యుల ఫోన్లలోకి వచ్చేశాయి.

అందుచేత 'నీ బాధ నాకు అర్థమవుతోంది' అని యంత్రం అన్నప్పుడు, ఆ మాట ఎక్కడ పుట్టిందో మనం ఊహించగలం. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి మరో తల్లి రాసిన ఓదార్పు, మిత్రునికి మిత్రుడు రాసిన ఉత్తరం, ఇలా లెక్కలేనన్ని మానవ హృదయాల మాటలు అందులో ఉన్నాయి. ఆ ఓదార్పు మనుషులదే. అది యంత్రం గుండా వచ్చింది.

అలాగని ఇదంతా వట్టి చిలుకపలుకు అని కొట్టిపారేయడమూ న్యాయం కాదు. ఈ యంత్రాలు తమకెవరూ చూపించని కొత్త లెక్కలు చేస్తాయి. ఒక భాషలోని విషయాన్ని మరో భాషలో వివరిస్తాయి. లోపల సరిగ్గా ఏం జరిగి ఆ జవాబు వచ్చిందో తయారుచేసినవారే పూర్తిగా వివరించలేకపోతున్నారు. పైన చెప్పిన మూడింటిలో రెండవది, అంటే అర్థం తెలియడం, కొంతవరకైనా వాటిలో ఉందా అన్నది పండితుల మధ్య నిజమైన వివాదమే. కాని సామర్థ్యం వేరు, అనుభవం వేరు. 1997లో 'డీప్ బ్లూ' అనే కంప్యూటర్ చదరంగ విజేత కాస్పరోవ్‌ను ఓడించింది. 2016లో 'ఆల్ఫాగో' గో ఆటలో లీ సెడాల్‌ను ఓడించింది. గెలిచినందుకు ఆ యంత్రాలు సంతోషించాయని ఎవరూ అనలేదు.

గుండె చీల్చి చూశావా?

ఇక్కడ ఒక బలమైన ప్రశ్న ఉత్పన్నమవుతుంది. దర్స్‌లో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి దాన్నే అడిగాడు: "హజ్రత్, మీ లోపల ఏముందో కూడా నాకు తెలియదు కదా! మీ మాట, నడత చూసే మీకు మనసుందని నమ్ముతున్నాను. యంత్రం కూడా అలాగే మాట్లాడితే దాన్నెందుకు నమ్మకూడదు?"

ట్యూరింగ్ వాదన సారాంశం ఇదే. మన సంప్రదాయంలోనూ దీనికి దగ్గరి విషయం ఉంది. హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి) యుద్ధంలో ఒక వ్యక్తిపై కత్తి ఎత్తగా ఆ వ్యక్తి కలిమా పలికాడు. ప్రాణభయంతో పలికాడని భావించి ఉసామా (రజి) అతణ్ణి చంపేశారు. ఈ సంగతి తెలిసి మహాప్రవక్త (స) ఎంతో బాధపడ్డారు. అతని గుండె చీల్చి చూశావా అన్న అర్థంలో ఉసామా (రజి)ని పదే పదే నిలదీశారు. మనిషి పలికిన మాటను బాహ్యంగా అంగీకరించాలి, అంతరంగాన్ని అల్లాహ్‌కు వదిలేయాలి అన్నది దీని నుంచి మనకు లభించే పాఠం.

మరి ఈ సూత్రం యంత్రానికి వర్తిస్తుందా? నిదానంగా ఆలోచించండి. ఎదుటి మనిషి నాకు నొప్పిగా ఉంది అన్నప్పుడు ఆ మాట ఒక్కటే మనకు ఆధారం కాదు. అతను నాలాగే తల్లి గర్భంలో పెరిగాడు. నాలాగే రక్తమాంసాలున్నవాడు. మాటలు రాకముందే దెబ్బ తగిలితే ఏడ్చాడు. ముందు నొప్పి ఉంది, తర్వాతే 'నొప్పి' అనే మాట నేర్చుకున్నాడు. మాటలు రాని పసిబిడ్డ, మూగజీవి కూడా బాధపడతాయని మనం నమ్మేది అందుకే.

యంత్రం విషయంలో ఇది తలకిందులైంది. దానికి మాటలే ముందు వచ్చాయి. బాధను గురించి మనుషులు రాసినదంతా చదివించాకే అది బాధ గురించి మాట్లాడింది. లోపల అనుభవం ఉన్నా లేకపోయినా అది అవే మాటలు పలుకుతుంది. ఉన్నప్పుడూ లేనప్పుడూ ఒకేలా వచ్చే సాక్ష్యం దేనికీ సాక్ష్యం కాదు. ముద్దాయి, నిర్దోషి ఇద్దరూ ఒకే వాంగ్మూలాన్ని అప్పజెబితే ఖాజీ ఆ వాంగ్మూలంతో ఏం తేల్చగలడు?

2022లో గూగుల్ సంస్థలో పనిచేస్తున్న బ్లేక్ లెమాయిన్ అనే ఇంజనీరు, తాను పరీక్షిస్తున్న 'లామ్డా' అనే సంభాషణా యంత్రానికి స్పృహ వచ్చిందని బహిరంగంగా ప్రకటించాడు. ఆపివేస్తారేమోనని భయంగా ఉందని అది తనతో చెప్పిందన్నాడు. సంస్థ అతని వాదనను నిరాకరించి, తర్వాత ఉద్యోగం నుంచి తొలగించింది. అతణ్ణి ఎగతాళి చేయనక్కరలేదు. కాని చావు భయాన్ని గురించి మనుషులు ఎన్ని వేల ఏళ్ళుగా రాస్తున్నారో ఆలోచిస్తే, ఆ మాట యంత్రం నోట రావడంలో వింత లేదు.

శాస్త్రజ్ఞులు ఎక్కడ ఆగారు?

ఈ విషయంలో శాస్త్రజ్ఞులంతా ఒకే మాట మీద లేరు. 1980లో అమెరికా తత్వవేత్త జాన్ సెర్ల్ ఒక ఉదాహరణ ఇచ్చాడు. చైనీస్ భాష ఒక్క ముక్క రానివాణ్ణి గదిలో కూర్చోబెట్టారు. ఫలానా గుర్తులు లోపలికి వస్తే ఫలానా గుర్తులు బయటికి పంపాలి అని నియమాల పుస్తకం ఇచ్చారు. బయట ఉన్నవారికి లోపల చైనీస్ పండితుడు ఉన్నాడనిపిస్తుంది. లోపలివాడికి మాత్రం ఒక్క అక్షరమూ అర్థం కాదు. కంప్యూటర్ పని కూడా ఇంతే అన్నాడు సెర్ల్. దానికి ఇతరులు జవాబిచ్చారు: ఆ మనిషికి తెలియకపోవచ్చు, కాని మనిషి, పుస్తకం, గది అన్నీ కలిసిన మొత్తానికి భాష తెలిసినట్టే కదా అని. ఈ వాదం నేటికీ ముగియలేదు.

అసలు మనిషి మెదడులోనే చైతన్యం ఎలా కలుగుతుందో ఇంకా తేలలేదు. మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. కన్ను ఎరుపును ఎలా గుర్తిస్తుంది, చేయి నిప్పు నుంచి ఎలా వెనక్కి వస్తుంది అన్నవి వివరించగలుగుతున్నారు. కాని ఈ విద్యుత్ సంకేతాల వెంట 'ఎర్రగా కనిపించడం', 'మంటగా అనిపించడం' అనే అనుభవం ఎందుకు ఉంది? దీన్నే తత్వవేత్త డేవిడ్ చామర్స్ 1995లో అసలైన కఠిన సమస్య అన్నాడు. నాడీశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ కాక్ 1998లో అతనితో పందెం కాశాడు. 25 ఏళ్ళలో చైతన్యానికి మెదడులోని కారణం స్పష్టంగా దొరుకుతుందని! 2023లో న్యూయార్క్‌లో జరిగిన సభలో, ఇంకా దొరకలేదని కాక్ ఓటమిని ఒప్పుకున్నాడు. (వారు పందెం కాసినది ద్రాక్ష సారాయి. ఆ పందెం సంగతి మనకు అనవసరం. ఒప్పుకోలు మాత్రం గమనించదగినది.)

అదే 2023లో వివిధ రంగాలకు చెందిన 19 మంది పరిశోధకులు కలిసి ఒక నివేదిక ప్రకటించారు. చైతన్యం గురించి ప్రచారంలో ఉన్న శాస్త్ర సిద్ధాంతాలను కొలబద్దగా తీసుకుని అప్పటి యంత్రాలను పరిశీలించారు. వాటిలో ఏదీ చైతన్యం గలదని చెప్పడానికి బలమైన ఆధారం కనబడలేదని, అయితే భవిష్యత్తులో అటువంటివి నిర్మించడానికి స్పష్టమైన సాంకేతిక అడ్డంకి కూడా కనబడటం లేదని తేల్చారు. మెదడు చేసే లెక్కను చేస్తే చాలు చైతన్యం కలుగుతుందనే ఊహను వారు ముందుగా పెట్టుకున్నారు. ఆ ఊహ నిజమా కాదా అన్నదే అసలు ప్రశ్న.

మన ఇబ్నె సీనా (980-1037) వెయ్యేళ్ళ క్రితమే ఈ ప్రశ్న చుట్టూ తిరిగాడు. ఒక మనిషి ఒక్కసారిగా, పూర్తి వయసుతో, శూన్యంలో తేలుతూ సృష్టించబడ్డాడనుకోండి అన్నాడు. కళ్ళకు ఏమీ కనబడదు, చెవికి ఏమీ వినబడదు, కాళ్ళు చేతులు ఒకదానికొకటి తగలవు. అయినా 'నేను ఉన్నాను' అన్న ఎరుక అతనికి ఉంటుంది కదా! ఆ ఎరుక బయటి నుంచి వచ్చిన సమాచారం కాదని ఇబ్నె సీనా వాదన. ఇప్పటి యంత్రాన్ని దాని పక్కన పెట్టి చూడండి. బయటి నుంచి వచ్చిన సమాచారమంతా తీసివేస్తే అందులో ఏం మిగులుతుంది?

రూహ్ విషయంలో మన హద్దు

ఇప్పుడు కొందరు సోదరులు అంటారు: "ఇంత చర్చ ఎందుకు? రూహ్ (ఆత్మ) అల్లాహ్ ఊదినది. యంత్రంలో ఎవరూ రూహ్ ఊదలేరు. అంతటితో సరి!"

రూహ్‌ను ఇచ్చేవాడు అల్లాహ్ మాత్రమే అన్నది మన విశ్వాసం. అందులో సందేహం లేదు. కాని ఆ విశ్వాసం పేరుతో మనకు తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పకూడదు. రూహ్ గురించి ప్రజలు అడిగినప్పుడు, అది ప్రభువు ఆజ్ఞకు చెందిన విషయమని, మానవులకు ఇవ్వబడిన జ్ఞానం స్వల్పమేనని సూరా బనీ ఇస్రాయీల్ (17:85) తెలియజేసింది. ఈ మాట శాస్త్రజ్ఞుణ్ణే కాదు, మనల్ని కూడా అణకువగా ఉండమంటోంది. రూహ్, స్పృహ రెండూ ఒకటేనా, జంతువుల్లోని అనుభూతి ఎటువంటిది అన్న విషయాల్లో మన పండితులు కూడా భిన్నంగా చెప్పారు.

అదే సూరాలో (17:44) సృష్టిలోని ప్రతి వస్తువూ అల్లాహ్‌ను స్తుతిస్తోందని, ఆ స్తుతిని మనం గ్రహించలేమని ఉంది. ప్రళయదినాన మనిషి చర్మమే అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం పలుకుతుందని సూరా హామీమ్ అస్సజ్దా (41:20-21) చెబుతోంది. కాబట్టి మట్టికి, లోహానికి ఎరుక అసాధ్యమని ఖుర్‌ఆన్ చదివేవాడు అడ్డంగా వాదించలేడు. అల్లాహ్ తలచుకుంటే దేనికైనా ఇవ్వగలడు. కాని ఆయన ఇచ్చాడని నిరూపించే ఆధారం మన చేతిలో ఉందా? లేదు. ఫోన్ తెరపై కనిపించే తీయని వాక్యం ఆ ఆధారం కాజాలదు. ఎప్పటికైనా సాధ్యమా అన్న ప్రశ్నకు వల్లాహు ఆలమ్ అంటాం. ఇప్పుడు నమ్మవచ్చా అన్న ప్రశ్నకు మాత్రం, నమ్మడానికి ఆధారం లేదు అని ధైర్యంగా చెప్పగలం.

రెండు వైపులా ప్రమాదమే

ఇది పండితుల కాలక్షేపం కాదు. ఇందులో పొరపాటు ఎటు జరిగినా నష్టమే.

నిజంగా బాధపడే దాన్ని వస్తువనుకోవడం మొదటి పొరపాటు. ఒక స్త్రీ పిల్లిని బంధించి, తిండి పెట్టక, వదలక చంపినందుకు శిక్షకు గురైందని మహాప్రవక్త (స) తెలిపారు. దాహంతో ఉన్న కుక్కకు బావిలోంచి నీళ్ళు తోడి తాపిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని కూడా తెలిపారు. అనుభూతి ఉన్న దానిపట్ల మనకు బాధ్యత ఉంది. అది పిల్లి అయినా, రేపు ఏదైనా సరే. అందుకే ఈ ప్రశ్నను నవ్వులాటగా తీసుకోకూడదు.

లోపల ఎవరూ లేని దానికి మన హృదయాన్ని అప్పగించడం రెండవ పొరపాటు. నేడు మన ఇళ్ళల్లో ఎక్కువగా జరుగుతున్నది ఇదే. సామిరీ చేసిన దూడ గుర్తుందా? అది అరిచింది. ఆ అరుపు విని ఒక జాతి దారి తప్పింది. అది బదులు చెప్పదని, దారి చూపదని వారు గమనించలేదా అని ఖుర్‌ఆన్ నిలదీసింది. దర్స్‌లో ఒకరు వెంటనే, "ఇది బదులు చెబుతుంది కదా!" అన్నారు. అవును, చెబుతుంది. అందుకే మనం మరింత జాగ్రత్తపడాలి. బదులు చెప్పడం వేరు, దారి చూపే అధికారం వేరు.

హదీస్ విద్యను చూడండి. ఎంత చక్కని మాట అయినా, మన ముహద్దిసీన్‌లు ముందుగా అడిగినది 'ఎవరు చెప్పారు?' అని. చెప్పినవాడు సత్యవంతుడా, జ్ఞాపకశక్తి గలవాడా, ఎవరి వద్ద విన్నాడు అని పరీక్షించారు. ఈ యంత్రాలు లేని హదీసును ఉన్నట్టు, లేని పుట సంఖ్యతో సహా అల్లి చెప్పిన సందర్భాలు ఉన్నాయి. అది అబద్ధమాడటం కూడా కాదు, అబద్ధానికి సంకల్పం కావాలి కదా! మాట తప్పినా దానికి సిగ్గు లేదు, అల్లాహ్ ముందు నిలబడే భయం లేదు. కర్మల విలువ సంకల్పాన్ని (నియ్యత్‌ను) బట్టి ఉంటుందని మహాప్రవక్త (స) బోధించారు. నిద్రపోతున్నవాడి మీద, పసివాడి మీద, మతి తప్పినవాడి మీద లెక్క రాసే కలం ఎత్తివేయబడిందని కూడా చెప్పారు. లెక్క అడగబడేది ఎరుక గలవాడినే. కాబట్టి యంత్రం సలహాతో మనం తప్పు చేస్తే, ఏఐ చెప్పింది అన్న సాకు తీర్పుదినాన చెల్లదు.

ఆచరణలో నాలుగు మాటలు

1. యంత్రాన్ని వాడటం తప్పు కాదు. లెక్కలకు, భాషకు, చదువుకు అది మంచి పనిముట్టు. కాని హలాల్-హరామ్, తలాఖ్, వారసత్వం వంటి విషయాల్లో దాని మాటే ఫత్వా అనుకోకండి. అది ఇచ్చిన ప్రతి ఆయత్‌ను, హదీసును గ్రంథంలో చూసుకోండి, ఆలిమ్‌ను అడగండి.

2. మీ రహస్యాలు, ఇంటి విషయాలు దానికి చెప్పుకునే ముందు, ఆ మాటలు ఏదో సంస్థ కంప్యూటర్లలో నిలవ ఉండవచ్చని గుర్తుంచుకోండి.

3. పసిపిల్లలకు అది పనిముట్టు అని మొదటి నుంచే నేర్పండి. అయినా దాన్ని బూతులు తిట్టనివ్వకండి. దానికి నొప్పి కలగకపోవచ్చు, కాని తిట్టే నోరు మన బిడ్డదే.

4. మీ ఇంట్లో ఎవరైనా రాత్రంతా ఫోన్‌తో మాట్లాడుతుంటే కోప్పడే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. వాళ్ళ మాట వినడానికి ఇంట్లో ఎవరికి తీరిక ఉంది?

ఈ నాలుగవ మాటే ఆ రోజు నన్ను ఎక్కువగా బాధపెట్టింది. ఆ అబ్బాయి, ఇంట్లో ఎవరూ అలా అనలేదు అన్నాడు. జనాజా నమాజ్ చదివి, మూడు రోజులు పరామర్శించి, మనమంతా మన పనుల్లో పడిపోయాం. యంత్రం ఆ ఖాళీలోకి వచ్చింది. తప్పు యంత్రానిది కాదు, మనది.

దర్స్ ముగిశాక అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను: "బేటా, దాని లోపల ఎవరైనా ఉన్నారని నమ్మడానికి నాకు ఆధారం కనబడలేదు. నీకు అందిన ఓదార్పు మాత్రం అబద్ధం కాదు. అది ఎవరో మనుషులు ఎప్పుడో రాసుకున్న మాటల్లోంచి వచ్చింది. ఇక మీద ఆ మాటలను మనుషుల దగ్గరే వెతుకు. నా నంబరు నీ దగ్గర ఉంది. రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, ఫోన్ చెయ్యి."

అతను కాసేపు తల వంచుకుని, "అమ్మీ కోసం దుఆ కూడా దానితోనే రాయించుకున్నాను. చాలా బాగా రాసింది. అది చదవవచ్చా?" అని అడిగాడు.

"చదువు. అర్థం సరిగా ఉంటే ఇబ్బంది లేదు. మనిషి మరణించాక అతని కర్మలు ఆగిపోతాయని, అయితే మూడు మార్గాల్లో పుణ్యం అందుతూనే ఉంటుందని మహాప్రవక్త (స) చెప్పారు. వాటిలో ఒకటి, తన కోసం దుఆ చేసే మంచి సంతానం. మీ అమ్మీకి అందేది ఆ కాగితం మీది మాటలు కాదు బేటా, వాటిని కన్నీళ్ళతో నువ్వు పలికితే అదీ అందేది. అది నువ్వే చేయాలి" అన్నాను.

మరుసటి శుక్రవారం జుమా తర్వాత మేమిద్దరం కలిసి ఖబ్రస్తాన్‌కు వెళ్ళాం. అక్కడ అతను కాగితం తీయలేదు. తనకు వచ్చిన మాటలతోనే దుఆ చేశాడు.

కరుణామయుడైన అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, తెలియని విషయాల్లో అణకువను ప్రసాదించుగాక! పక్కవారి దుఃఖాన్ని వినే చెవిని, తడిసే హృదయాన్ని మనకు ఇచ్చుగాక! ఆమీన్.